అశాబ్దిక భావవ్యక్తీకరణకు సాంకేతిక సాధనాలు

మాటతో కాక ముఖంతో, చూపుతో, చేతితో, గొంతు తీరుతో, స్పర్శతో, ఒక్కోసారి ఉత్త మౌనంతో మనసులోది ఎదుటివారికి తెలియజేయడాన్ని అశాబ్దిక భావవ్యక్తీకరణ అంటారు. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. అత్తగారు మూతి ముడిచారని కోడలికి ఒకరు చెప్పాలా? చిక్కు వచ్చేది రెండు సందర్భాల్లో. మనుషుల మధ్య దూరం పెరిగినప్పుడు ఒకటి. పుట్టుకతోనో జబ్బువల్లో నోరూ ముఖమూ చెప్పినట్టు వినని స్థితి రెండోది. ఈ రెండు చోట్లా మనిషికీ మనిషికీ మధ్య ఆసరాగా వచ్చిన సాధనాల చరిత్ర, పనితీరు, మంచిచెడులు ఈ వ్యాస విషయం.

వీటిని మూడు తెగలుగా చూడవచ్చు. ఒకరి భావానికి గుర్తును ఇంకొకరికి మోసుకెళ్లేవి మొదటి తెగ: ఎమోజీ, వాయిస్ మెసేజ్, బొమ్మల పలక. తమకే భావం ఉన్నట్టు అభినయించేవి రెండో తెగ: రోబోలు. మనిషిని చూసి అతని మనసులో ఏముందో తామే తేల్చి చెబుతామనేవి మూడో తెగ. మొదటి తెగ పాతది, చవకది, నికరంగా పనిచేసేది. మూడోదాని చుట్టూ ప్రచారం ఎక్కువ, దాని మాట మీద భరోసా తక్కువ.

పూర్వరంగం

శుభలేఖ మూలలకు పసుపు రాసి పంపే ఆచారం తెలుగిళ్లలో ఇప్పటికీ ఉంది. కవరు విప్పకముందే లోపలున్నది మంచికబురని చదువురాని ముసలమ్మకు కూడా తెలిసిపోతుంది. టెలిగ్రామ్ దీనికి సరిగ్గా తలకిందులు. తంతి మనిషి వాకిట్లో సైకిల్ ఆపి కేకేస్తే చాలు, కాగితం విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. అది ఉద్యోగం వచ్చిందన్న తంతి అయినా సరే. 2013 జులైలో మన దేశంలో తంతి సేవ ఆగిపోయింది. వార్తను మోసే సాధనానికే ఒక ముఖకవళిక ఉంటుందనడానికి ఈ రెండూ చాలు.

భావాన్ని శరీరం ఎలా చూపుతుందన్న శాస్త్రం మనకు కొత్త కాదు. నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని నాలుగుగా విభజించింది. అందులో సాత్వికానివి ఎనిమిది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభంగం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారడం, చెమట పట్టడం, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు వణకడం, ఒంటి వణుకు, ముఖం పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. కావాలని తెచ్చుకుంటే వచ్చేవి కావివి. అందుకే నటుడికి అన్నిటికన్నా కష్టమైనవి. విచిత్రమేమిటంటే ఇవాళ్టి పరిశోధనశాలలు కొలుస్తున్నవి కూడా దాదాపు ఇవే. మణికట్టు పట్టీ చెమటను, మైకు గొంతు వణుకును కొలుస్తాయి. మామూలు వెబ్ కెమెరా చర్మపు రంగులో కంటికి కనబడని మార్పును పట్టి నాడిని లెక్కకడుతుంది.

యూరప్‌లో ఈ దారి వైద్యం వైపు నుంచి వచ్చింది. ఫ్రెంచి వైద్యుడు డుషెన్ ముఖకండరాలకు విద్యుత్తు తాకించి, ఏ కండరం కదిలితే ఏ కవళిక వస్తుందో ఫొటోలతో సహా 1862లో ప్రచురించాడు. పెదవులను కావాలని నవ్వించవచ్చు, కళ్లు మాత్రం అలా నవ్వవని ఆయన గమనించాడు. మనిషి, జంతువుల భావప్రకటన మీద చార్లెస్ డార్విన్ 1872లో రాసిన గ్రంథం డుషెన్ ఫొటోలను వాడుకుంది. 1978లో అమెరికన్ మనస్తత్వవేత్తలు పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ ముఖంలోని ప్రతి చిన్న కదలికకూ ఒక అంకె ఇచ్చారు. పెదవి మూలలు పైకి లేస్తే 12, చెంపలు పైకి లేస్తే 6. డుషెన్ చెప్పిన నిజమైన నవ్వు ఈ లెక్కలో ఆరూ పన్నెండూ కలిసినది. యానిమేషన్ సినిమాల్లో బొమ్మల ముఖాలను కదిలించేవారికి ఈ పట్టిక నేటికీ అక్షరమాల.

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. మాటల వాటా 7 శాతం, గొంతుది 38, ముఖానిది 55 అని వ్యక్తిత్వ వికాస తరగతుల్లో తరచూ వినబడుతుంది. అల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన అంకెలివి. ఇష్టాయిష్టాల గురించి మాట ఒకటి, ముఖం ఇంకొకటి చెబుతున్నప్పుడు వినేవాడు దేన్ని నమ్ముతాడన్నదే అక్కడి ప్రశ్న. అన్ని రకాల సంభాషణకూ ఇవి వర్తించవని ఆయనే స్పష్టం చేశాడు. లేకపోతే తెలుగు రానివాడికి కూడా హరికథ 93 శాతం అర్థం కావాలి.

అక్షరాలకు ముఖం

1982 సెప్టెంబర్ 19న అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త సహోద్యోగులకు ఒక చిన్న సలహా రాశాడు. హాస్యానికి రాసినదాన్ని కొందరు నిజమనుకుని కంగారుపడుతున్నారు కాబట్టి, జోకు పక్కన కోలన్, అడ్డగీత, మూసే బ్రాకెట్ వరసగా పెట్టండి, తల పక్కకు వంచి చూస్తే నవ్వుముఖం కనబడుతుంది అన్నాడు. జోకు కానిదానికి తెరిచే బ్రాకెట్ పెట్టమన్నాడు. మూడు విరామచిహ్నాలతో పని అయిపోయింది.

జపాన్‌లో ఈ అవసరం సెల్‌ఫోన్ వైపు నుంచి వచ్చింది. 1999లో ఎన్‌టీటీ డొకోమో సంస్థ మొబైల్ ఇంటర్నెట్ కోసం షిగెటకా కురిటా నాయకత్వంలో 176 బొమ్మలు తయారయ్యాయి. ఒక్కోటి అడ్డంగా 12, నిలువుగా 12 చుక్కల్లో ఇమడాలి. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 2016లో వీటిని తన సేకరణలోకి తీసుకుంది. ఎమోజీ అన్న మాట ఇంగ్లిషు ఎమోషన్ నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. జపనీస్‌లో ‘ఎ’ అంటే బొమ్మ, ‘మోజి’ అంటే అక్షరం. బొమ్మక్షరం అన్నమాట. 2010లో యూనికోడ్ వీటిని అక్షరాల జాబితాలో చేర్చుకున్నాక ఏ కంపెనీ ఫోన్ నుంచి ఏ కంపెనీ ఫోన్‌కైనా వెళ్లడం మొదలైంది.

వెళ్లడం వేరు, ఒకేలా అర్థం కావడం వేరు. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో చూపినట్టు, పళ్లు కనబడేలా నవ్వే ఒకే ముఖం ఒక కంపెనీ ఫోన్‌లో సంతోషంగా, మరో కంపెనీ ఫోన్‌లో పళ్లు కొరుకుతున్నట్టు కనబడేది. ఒకే బొమ్మను చూసినవారిలో కూడా అది మంచి భావమా కాదా అన్నచోట ఏకాభిప్రాయం లేదు. మన ఇళ్లలో దీనికి పరిశోధన అక్కర్లేదు. కుటుంబం గ్రూపులో ఎవరో పోయారన్న కబురు వస్తుంది. వరసగా చేతులు జోడించిన బొమ్మలు పడుతుంటాయి. మధ్యలో ఒక పెద్దాయన, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి కదా అని, పడిపడి నవ్వే ముఖం పెడతాడు. గ్రూపంతా ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులు 2015 సంవత్సరపు పదంగా ఎంచినది ఆ ముఖాన్నే.

చేతులు జోడించిన బొమ్మ కథ ఇంకొకటి. జపాన్‌లో అది ‘దయచేసి’, ‘ధన్యవాదాలు’. పడమటి దేశాల్లో కొందరు దాన్ని ఇద్దరు అరచేతులు చరుచుకోవడం అనుకున్నారు. తెలుగువాళ్ల చేతిలో పడ్డాక అది నమస్కారం, సంతాపం, కృతజ్ఞత, దేవుడి పటం కింద భక్తి. ‘నీకో దండం, ఇక వదిలెయ్’ అన్న విసుగు కూడా. ఏది ఏ సందర్భమో చదివేవాడే పోల్చుకుంటాడు. బొమ్మ అంత పని మోయగలగడానికి కారణం చదివేవాడికి పంపినవాడు తెలియడమే.

గీసిన ముఖం చాలని చోట తెలుగు ఇంటర్నెట్ సొంత దారి వెతుక్కుంది. 1987లో కంప్యుసర్వ్ సంస్థ ప్రవేశపెట్టిన జిఫ్ అనే కదిలే బొమ్మల పద్ధతినీ, ఆ తర్వాత వచ్చిన స్టిక్కర్లనూ బ్రహ్మానందం ముఖంతో నింపేసింది. ఒకే భాషలో అత్యధిక చిత్రాలు చేసిన జీవించి ఉన్న నటుడిగా గిన్నిస్ గుర్తింపు పొందిన ఆయన ముఖంలో, పసుపు గుండ్రాల్లో దొరకని భావాలు బోలెడు. లోపల ఏడుస్తూ పైకి గంభీరం, అవమానాన్ని మింగేసిన నవ్వు, ‘నాకెందుకొచ్చిన గొడవ’ అన్న చూపు. సినిమా పేరు గుర్తులేకపోయినా భావం గుర్తుంటుంది. ఆంగికాభినయాన్ని ముక్కలుగా కోసి, కావలసినప్పుడు కావలసిన ముక్క వాడుకునే ఈ పద్ధతి ఏ కంపెనీ రూపొందించినదీ కాదు.

మిస్డ్ కాల్, ఊఁ, వీడియో

2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక మన దేశంలో ఒక్క పైసా ఖర్చులేని భావప్రసార సాధనం పుట్టింది. ‘బస్సు దిగగానే మిస్డ్ కాల్ ఇవ్వు.’ ఒక రింగు అంటే చేరాను, రెండు అంటే కిందికి రా. అర్ధరాత్రి ఒక్క రింగు అంటే గుర్తొచ్చావు. ఇందులో మాట లేదు, అక్షరం లేదు, బొమ్మ లేదు. పేరు కనబడుతుంది, ఆగిపోతుంది, అంతే. ఆఫ్రికాలోనూ ఇదే అలవాటు. రువాండాలో దీన్ని బీపింగ్ అంటారు. జొనాథన్ డానర్ 2007లో అక్కడి కట్టుబాట్లను వివరిస్తూ ఒక వ్యాసం రాశాడు. తిరిగి ఫోన్ చేయవలసింది డబ్బున్నవాడే. మనసు గెలుచుకోవాలనుకున్న అమ్మాయికి మాత్రం ఉత్త రింగు ఇవ్వకూడదు, డబ్బు పెట్టి మాట్లాడాలి. కాల్ ఖర్చు తగ్గాక మిస్డ్ కాల్ వెనకబడింది. దాని చోటును వాట్సాప్ నీలం టిక్కులు, ‘టైప్ చేస్తున్నారు’ అన్న సూచన ఆక్రమించాయి. అయితే రింగు మనం కావాలని ఇచ్చేది. 2014 నవంబర్‌లో వచ్చిన నీలం టిక్కు మన ప్రమేయం లేకుండా మనమీద చెప్పే చాడీ. చదివి జవాబివ్వకపోవడం అన్న కొత్త అవమానం ఆ రోజు నుంచే మొదలు.

గొంతుకున్న బలం గొంతుది. వాట్సాప్‌లో 2013లో వాయిస్ మెసేజ్ వచ్చింది. రోజుకు సగటున 700 కోట్ల వాయిస్ మెసేజ్‌లు వెళ్తున్నాయని 2022లో ఆ సంస్థ ప్రకటించింది. తెలుగు టైపు చేయడం చేతకాని అమ్మమ్మకు అది అవసరం. చేతనైనవారికి కూడా నాలుక చప్పరించి ‘చ్చ్’ అని కాదనడం, నిట్టూర్పు, ‘సర్లే’ అన్న మాటను పావుగంట సాగదీయడం అక్షరాల్లో కుదిరే పనులు కావు.

కథ వినేవాడు ఊఁ కొట్టకపోతే చెప్పేవాడు ఆపేస్తాడు. ఈ ‘ఊఁ’ను భాషాశాస్త్రంలో ప్రత్యేకంగా చర్చించి 1970లో ఒక ఇంగ్లిషు పేరు పెట్టినవాడు విక్టర్ యింగ్వే. ఆన్‌లైన్ మీటింగుల్లో మొదట చచ్చిపోయేది ఇదే. మైకులు మ్యూట్‌లో ఉంటాయి. మ్యూట్ తీసినా నేపథ్య శబ్దాన్ని తుడిచేసే సాఫ్ట్‌వేర్ సన్నటి ‘ఊఁ’ను ఫ్యాను చప్పుడుతో పాటు మింగేయవచ్చు. మాట్లాడేవాడికి గోడతో మాట్లాడుతున్నట్టుంటుంది. దానికి బదులుగా ఇచ్చిన బొటనవేలి బొమ్మ, మాట పూర్తయ్యాక వచ్చే చప్పట్లలాంటిది. మాట మధ్యలో భుజం తట్టినట్టు ఉండదు.

వీడియో కాల్‌కు రెండు జబ్బులు పుట్టుకతో ఉన్నాయి. ఒకటి ఆలస్యం. ప్రపంచంలోని పది భాషలను పోల్చిన 2009 పరిశోధనలో, ఒకరి మాట ముగిసి మరొకరిది మొదలవడానికి పట్టే వ్యవధి సగటున సెకనులో అయిదో వంతు. తెలుగు ఆ పదిలో లేదు. ఫోన్‌లో ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు. గుంటూరుకూ డల్లాస్‌కూ మధ్య లైను ఆ మాత్రం తడబడితే ‘బాగున్నావా’ అన్న ప్రశ్నకు ‘ఆఁ’ ఆలస్యంగా వస్తుంది. లైను తడబడిందని తల్లి అనుకోదు. కొడుకు ఏదో దాస్తున్నాడనుకుంటుంది. రెండోది చూపు. తెరమీది కళ్లలోకి చూస్తే కెమెరాకు మనం కిందికి చూస్తున్నట్టు ఉంటుంది. కెమెరాలోకి చూస్తే ఎదుటివారి ముఖం కనబడదు. చూపును సాఫ్ట్‌వేర్‌తో సరిచేసే ఏర్పాట్లు వచ్చాయి గానీ, దిద్దిన చూపు కొందరికి ఎబ్బెట్టుగా తోస్తుంది. వీడియో సమావేశాల అలసట మీద స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో రాస్తూ నాలుగు కారణాలు చూపాడు. మరీ దగ్గరి చూపులు, సైగల కోసం పడే అదనపు శ్రమ, కదలకుండా కూర్చోవడం, రోజంతా తన ముఖాన్ని తానే చూసుకోవడం. చివరిదానికి మందు తేలిక. తన బొమ్మను దాచే మీట చాలా యాప్‌లలో ఉంది.

స్పర్శ

నిమురుతున్న చేతిని గుర్తించే ప్రత్యేక నాడీతంతువులు వెంట్రుకలున్న చర్మంలో ఉన్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో మెల్లగా నిమిరినప్పుడు అవి బాగా స్పందిస్తాయని, ఆ వేగమే మనిషికి హాయినిస్తుందని 2009లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం చూపింది. ఏ తల్లీ గడియారం పెట్టుకుని బిడ్డ తల నిమరదు, కానీ వేగం అంతే ఉంటుంది.

దీన్ని దూరం పంపే ప్రయత్నాలు చాలా జరిగాయి. 1997లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో తయారైన ఇన్‌టచ్ అనే పరికరంలో మూడు కొయ్య గుండ్రాలుంటాయి. ఇక్కడ వాటిని దొర్లిస్తే అక్కడివీ దొర్లుతాయి. 2002లో క్యూట్‌సర్క్యూట్ సంస్థ కౌగిలింత చొక్కా చేసింది. ఒకరు తమ చొక్కాను హత్తుకుంటే దూరాన ఉన్నవారి చొక్కాలో అవే చోట్ల ఒత్తిడి తెలుస్తుంది. 2015లో యాపిల్ గడియారం గుండె చప్పుడును పంపడం మొదలుపెట్టింది. వీటిలో ఏదీ వాయిస్ మెసేజ్‌లా ఇంటింటికీ చేరలేదు. కదిలే మోటారు వేలిముద్దకు మోటారులాగే తెలుస్తుందన్నది నా లెక్క. ఉన్నవాటిలో గుండ్రాలే మేలు, ఎందుకంటే అవి కౌగిలింతకు నకలుగా ఉండాలని చూడలేదు. అవతల ఒక చెయ్యి ఉందని మాత్రమే చెప్పాయి.

అభినయించే యంత్రాలు

జపాన్ ఇంజనీరు తకనోరి షిబాతా 1993 నుంచి రూపొందిస్తూ వచ్చిన పారో, తెల్లటి బొచ్చుతో ఉండే సీల్ పిల్ల బొమ్మ. సుమారు 2.7 కిలోల బరువు, అంటే చంటిబిడ్డంత. నిమిరితే కళ్లార్పుతుంది, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతుంది. కుక్క, పిల్లి ఎలా ఉంటాయో అందరికీ తెలుసు కాబట్టి వంక పెడతారని, సీల్ పిల్లతో కలిసి బతికినవారు అరుదని ఆయన దాన్ని ఎంచుకున్నాడు. 2009లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ దీన్ని వైద్య పరికరంగా గుర్తించింది. ఆస్ట్రేలియాలో 28 వృద్ధాశ్రమాల్లో మతిమరుపు జబ్బున్న 415 మందితో జరిపి 2017లో ప్రచురించిన పరీక్షలో, పారో దగ్గరున్నవారు మామూలు సంరక్షణలో ఉన్నవారికన్నా కొంత ఆనందంగా, తక్కువ ఆందోళనగా కనబడ్డారు. కానీ మీట ఆపేసిన పారోను, అంటే ఉత్త బొచ్చుబొమ్మను, ఇచ్చినవారితో పోలిస్తే స్పష్టమైన తేడా వచ్చింది దాన్ని చూడటంలో, దానితో మాట్లాడటంలో మాత్రమే. వేల డాలర్ల ఖర్చు దేనికన్న ప్రశ్నకు ఆ పరీక్ష సూటైన జవాబు.

మరో సంగతి, యంత్రం చావు. సోనీ కుక్కరోబో ఐబో 1999లో వచ్చింది, 2006లో తయారీ ఆగింది, 2014లో మరమ్మతు సేవ కూడా ఆగింది. విడిభాగాలు దొరక్క ఆగిపోయిన ఐబోలకు జపాన్‌లోని చిబా ప్రాంతంలో ఉన్న కోఫుకు-జి అనే బౌద్ధాలయంలో 2015 నుంచి అంత్యక్రియలు జరిగాయి. ఒక్కో బొమ్మకు మెడలో యజమాని పేరు రాసిన చీటీ. నవ్వొచ్చే విషయం కాదిది. పిల్లల కోసం అమెరికాలో తయారైన మాక్సీ అనే రోబో, 2024 డిసెంబర్‌లో దాని సంస్థ మూతపడుతున్నట్టు ప్రకటించడంతో మూగబోయే స్థితికి వచ్చింది. పసిపిల్లలకు ఆ వార్త ఎలా చెప్పాలో తల్లిదండ్రులు తేల్చుకోవలసి వచ్చింది. సర్వర్ మీద బతికే స్నేహితుణ్ణి ఇంటికి తెచ్చుకునేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

చదివే యంత్రాలు

కంప్యూటర్లు భావాలను గుర్తించాలన్న ఆలోచనకు శాస్త్రంగా రూపమిచ్చింది ఎంఐటీ ఆచార్యురాలు రోజలిండ్ పికార్డ్, 1997 నాటి తన పుస్తకంతో. ఆమె దగ్గర జరిగిన ఒక సంఘటన చెప్పదగినది. ఒక విద్యార్థి, మాట రాని తమ్ముడి ఇబ్బంది ఏమిటో తెలుసుకోవాలని సెలవుల్లో చెమటను కొలిచే పట్టీలు రెండు చేతులకూ కట్టాడు. ఒక రోజు ఒక చేతి గీత అమాంతం పైకి లేచింది, రెండోది కదల్లేదు. పరికరం చెడిందనుకున్నారు. ఆరా తీస్తే ఆ లేచిన గీత పిల్లవాడికి మూర్ఛ రాబోయే ముందుదని తేలింది. ఆ దారిలో వచ్చిన మణికట్టు పరికరానికి మూర్ఛను గమనించడం కోసం 2018లో అమెరికాలో అనుమతి దొరికింది. భావం చదవబోయి జబ్బును చదివారు. మంచిదే జరిగింది.

భావం మాత్రం అంత తేలిగ్గా చిక్కలేదు. లీసా ఫెల్డ్‌మన్ బ్యారెట్, మరో నలుగురు శాస్త్రవేత్తలు 2019లో వందలాది పరిశోధనలను సమీక్షించి, ముఖకవళికను బట్టి లోపలి భావాన్ని నమ్మకంగా తేల్చలేమన్నారు. కోపం వచ్చిన మనిషి భృకుటి ముడిచేది సుమారు 30 శాతం సందర్భాల్లోనే. భృకుటి ముడిచిన ప్రతివాడికీ కోపం ఉండదు, ఎండ ఉండొచ్చు. మే నెల విజయవాడలో స్వేదాన్ని భయమని చదివే యంత్రానికి బెజవాడంతా భయపడుతున్నట్టు కనబడుతుంది. 2024లో యాపిల్ ఇయర్‌ఫోన్లకు తల సైగలు నేర్పారు. పైకీ కిందికీ ఊపితే అవును, అటూ ఇటూ తిప్పితే కాదు. మనం భుజాల వైపు వాల్చి ఊపే ‘సరే, చూద్దాం లెండి’కి ఆ పట్టికలో చోటు లేదు.

ఆటిజం ఉన్న పిల్లలకు ఎదుటివారి ముఖాలు చదవడం నేర్పే కళ్లజోడు ప్రయోగం స్టాన్‌ఫర్డ్‌లో జరిగింది. 71 మంది పిల్లలతో చేసిన పరీక్షలో సామాజిక నైపుణ్యాల కొలతలో మెరుగుదల కనబడిందని 2019లో ప్రకటించారు. దీనికి ఎదురు ప్రశ్న అప్పటికే ఉంది. తానూ ఆటిజం ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో, అర్థం చేసుకోలేకపోవడం ఇరువైపులా ఉందన్నాడు. మామూలువారు ఆటిజం ఉన్నవారి ముఖాలను చదవలేకపోతే దాన్ని ఎవరూ లోపమనరు. చేతులాడిస్తూ గెంతడం ఆ బిడ్డ సంతోషమని తెలుసుకోవడానికి పక్కింటివారికి కళ్లజోడు ఎవరిస్తారు?

మహిళల ముఖంలో ఆందోళన పసిగట్టి పోలీసులకు కబురందించే కెమెరాలు పెడతామని 2021 జనవరిలో లక్నో పోలీసులు ప్రకటించినప్పుడు తీవ్ర విమర్శలు వచ్చాయి. ముఖం నుంచి భావాన్ని తేల్చే సేవను అమ్మడం ఆపేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2022లో చెప్పింది. యూరోపియన్ యూనియన్ కృత్రిమ మేధ చట్టం పని చేసే చోట, చదువుకునే చోట భావాలను తేల్చే వ్యవస్థలను నిషేధించింది. వైద్యానికీ భద్రతకూ మినహాయింపు ఉంది. ఈ నిషేధం 2025 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది.

నోరు సహకరించని చోట

ఈ రంగంలో సాంకేతికత తన అన్నం తాను సంపాదించుకున్నది ఇక్కడే. మాట రానివారికి, పోయినవారికి తోడ్పడే సాధనాలన్నిటినీ కలిపి స్పీచ్ థెరపిస్టులు ఏఏసీ అంటారు. కరెంటు అక్కర్లేని బొమ్మల పలక నుంచి మెదడులో అమర్చే పరికరం దాకా ఇందులోకే వస్తాయి.

1949లో చార్లెస్ బ్లిస్, దేశాల మధ్య యుద్ధాలు ఆపాలన్న ఆశతో ఒక బొమ్మల లిపి తయారుచేశాడు. యుద్ధాలు ఆగలేదు గానీ, 1971లో టొరంటోలో వికలాంగ బాలల కేంద్రంలో షిర్లీ మెక్‌నాటన్ ఆ లిపిని మాట రాని పిల్లలకు నేర్పింది. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ బొమ్మ చీటీ చేతికిచ్చి అడిగే పద్ధతి తెచ్చారు. మన దేశంలో చెన్నైలోని విద్యాసాగర్ సంస్థ పిల్లలతో కలిసి పనిచేసి అజిత్ నారాయణన్ ‘ఆవాజ్’ అనే సాధనాన్ని రూపొందించాడు. ఐఐటీ బొంబాయి డిజైన్ విభాగం ‘జెల్లో’ అనే ఉచిత యాప్ చేసింది. జెల్లో అమరికలో ఒక తెలివి ఉంది. బొమ్మల పక్కన ఆరు మీటలు ఎప్పుడూ కనబడుతుంటాయి. ఇష్టం, అవును, ఇంకా ఒకవైపు. ఇష్టం లేదు, వద్దు, తక్కువ మరోవైపు. ఏ వస్తువును నొక్కినా దానిమీద తన అభిప్రాయాన్ని జోడించవచ్చు. వస్తువు పేరు చెప్పడం వేరు, దానిమీద మనసు చెప్పడం వేరని గుర్తించిన అమరిక ఇది.

ఇంగ్లిషు పలకను తెలుగు చేసినంత మాత్రాన మన ఇంటి పలక కాదు. ‘ఆంటీ’ అన్న ఒక్క బొమ్మ కింద పిన్ని, పెద్దమ్మ, మేనత్త ముగ్గురూ ఇరుక్కుంటారు. శాండ్‌విచ్ బొమ్మ తీసేసి, అమ్మ చేసిన పప్పన్నం ఫొటో, పిల్లవాడి సొంత కంచంతో సహా పెట్టినప్పుడు వేలు దానంతటదే అటు పోతుంది. పరికరం అలవాటైతే మాట ఇక రాదన్న భయం చాలా ఇళ్లలో ఉంది. 2006లో వచ్చిన ఒక పరిశోధన సమీక్షలో బలమైన ఆధారాలున్న 27 మందిని చూస్తే ఎవరికీ మాట తగ్గలేదు, ఎక్కువమందికి కాస్త పెరిగింది. నేర్పే తీరు కూడా మన చేతిలోదే. పిల్లవాడిని ‘నొక్కు, నొక్కు’ అనడం కాదు. ఇంట్లోవాళ్లు తాము మాట్లాడేటప్పుడు తామే పలక మీద వేలు పెట్టి చూపాలి. ఉగ్గుపాలతో పాటు మాట వినకుండా ఏ బిడ్డా మాట్లాడదు కదా.

యంత్రం గొంతుకు ఉద్వేగం లేకపోవడం పెద్ద లోటు. సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ క్యాన్సర్‌తో 2006లో మాట పోగొట్టుకున్నాడు. పాత డీవీడీలలోని ఆయన వ్యాఖ్యానాల నుంచి ఒక సంస్థ ఆయన గొంతును కట్టింది. 2011లో ఆయన ఒక పరీక్ష ప్రతిపాదించాడు. కంప్యూటర్ గొంతు ఒక జోకును సరైన విరామంతో చెప్పి జనాన్ని నవ్వించగలిగితే అప్పుడు అది గొంతు. స్టీఫెన్ హాకింగ్ దారి వేరు. 1985లో గొంతుకు జరిగిన శస్త్రచికిత్సతో మాట పోయాక వచ్చిన యంత్రపు గొంతుకు మూలం డెనిస్ క్లాట్ అనే ఇంజనీరు సొంత గొంతు. తర్వాత మెరుగైనవి వచ్చినా హాకింగ్ మార్చుకోలేదు. జనం తనను గుర్తుపట్టేది ఆ గొంతుతోనే అన్నాడు. మాట పోతుందని ముందే తెలిసిన రోగుల చేత బోస్టన్ బాలల ఆసుపత్రిలో మాటలను ముందే రికార్డు చేయించే పద్ధతి మొదలైంది. పదాల జాబితా కాదు, ఇంట్లో రోజూ వాడే ముద్దుపేర్లు, తిట్లు, నవ్వులు.

2023 ఆగస్టులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎడ్వర్డ్ చాంగ్ బృందం ప్రకటించిన ఫలితం ఈ దారిలో మైలురాయి. పక్షవాతంతో పద్దెనిమిదేళ్లుగా మాట లేని ఒక స్త్రీ మెదడు పైపొర మీద 253 ఎలక్ట్రోడ్లు పరిచారు. ఆమె మాట్లాడాలని ప్రయత్నిస్తే నిమిషానికి 78 పదాల చొప్పున వాక్యాలు వచ్చాయి. ఆమె పెళ్లి వీడియో నుంచి తీసిన గొంతుతో అవి పలికాయి. తెరమీద ఒక ముఖం ఆమె బదులు సంతోషాన్ని, విషాదాన్ని, ఆశ్చర్యాన్ని చూపింది. 2025లో అదే విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలోని మరో బృందం చేసిన పరికరంతో ఒక రోగి వాక్యం చివర స్వరం పెంచి ప్రశ్న అడగగలిగాడు, చిన్న రాగం తీయగలిగాడు. స్వరభంగం ఇంకా రాలేదు గానీ స్వరం వచ్చింది.

అంత దూరం పోనక్కర్లేని ఇళ్లే ఎక్కువ. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ ఇటువంటి పిల్లల పరీక్షకూ శిక్షణకూ పేరున్న చోటు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం భావప్రసారం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో ఈ ప్రత్యామ్నాయ సాధనాలను పేరు పెట్టి చేర్చింది. కాబట్టి పలక తెచ్చుకున్న పిల్లవాడిని బడిలో ‘పక్కన పెట్టు’ అనడం అతని నోరు మూయడమే.

చివరగా అమ్మానాన్నలకు ఒక మాట. పెద్దలు కొత్త పలక నింపేటప్పుడు ‘నీళ్లు’, ‘అన్నం’, ‘నమస్తే’, ‘థాంక్యూ’ ముందు పెడతారు. పిల్లవాడు ‘అమ్మ’ అన్న బొమ్మను పదకొండుసార్లు నొక్కితే ఆట అనుకుని లాక్కుంటారు. అది కేక. గొంతు పెంచలేనివాడు లెక్క పెంచుతాడు. పెళ్లింట్లో నలుగురిలో ఇబ్బందని వాల్యూమ్ తగ్గించేస్తారు. మొదటి తెర మీదే ‘వద్దు’, ‘నొప్పిగా ఉంది’, ‘కోపం వచ్చింది’, ‘నన్ను వదిలెయ్’ పెట్టండి. వాల్యూమ్ మీట వాడి చేతిలోనే ఉంచండి.